దారం తెగలేదు... ప్రాణం పోయింది!

స్పైడర్‌మ్యాన్ నిలువు గోడలెక్కుతాడు. మేడల మధ్య ఊగుతూ పోతాడు. పరుగెత్తే రైలుకు అడ్డం నిలబడి ఆపేస్తాడు. అంతటివాడు ప్రేమించిన అమ్మాయిని మాత్రం దక్కించుకోలేకపోయాడు. ఎందుకో తెలియాలంటే కాస్త భౌతికశాస్త్రం తెలియాలి.

న్యూయార్క్‌లో ఓ వంతెన. దాని గోపురం మీద స్పృహ లేకుండా పడి ఉంది గ్వెన్ స్టేసీ. పీటర్ పార్కర్ ప్రాణంగా ప్రేమించిన అమ్మాయి. ఆమెను ఎత్తుకొచ్చినవాడు గ్రీన్ గాబ్లిన్. ఇద్దరికీ పోరు ముదిరింది. గాబ్లిన్ ఆమెను గోపురం మీంచి కిందికి పడేశాడు. స్పైడర్‌మ్యాన్ మణికట్టు నుంచి దారం దూసుకెళ్లింది. నీళ్లకేసి పడిపోతున్న గ్వెన్ కాళ్లను చుట్టేసింది. కాపాడేశానన్న సంబరంతో ఆమెను పైకి లాక్కుంటూ ఏదేదో మాట్లాడుతున్నాడు పీటర్. గ్వెన్ పలకలేదు. దారం ఆమెను పట్టి ఆపిన ఆ బొమ్మను జాగ్రత్తగా చూస్తే, మెడ పక్కన చిన్న అక్షరాలతో ఓ శబ్దం కనిపిస్తుంది. ఏదో పుటుక్కుమన్న శబ్దం.

‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 121వ సంచిక అది. 1973 జూన్‌లో వచ్చింది. కథ జెరీ కాన్వే, బొమ్మలు గిల్ కేన్. అప్పటిదాకా కామిక్స్‌లో ఓ అలిఖిత ఒప్పందం ఉండేది. నాయిక ఎంత ఎత్తునుంచి పడినా సరే, చివరి క్షణంలో నాయకుడు పట్టుకుంటే చాలు, బతికిపోతుంది. ఆ ఒప్పందం ఈ సంచికతో చెల్లిపోయింది. పాఠకులు దుఃఖంతో, కోపంతో ఊగిపోయారు. ఆమెను చంపింది గాబ్లినా, ఎత్తా, స్పైడర్‌మ్యానా అని వాదించుకున్నారు. అక్టోబరులో వచ్చిన 125వ సంచిక ఉత్తరాల పేజీలో సంపాదకవర్గం తేల్చి చెప్పింది: దారం ఆమెను అంత హఠాత్తుగా ఆపడం వల్ల వచ్చిన కుదుపే ప్రాణం తీసింది.

అంటే కాపాడబోయిన చెయ్యే చంపింది. సూపర్‌హీరోల కథల్లో ఇంత క్రూరమైన నిజాయతీ నాకు మరోచోట కనబడలేదు. మినెసోటా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే జేమ్స్ కకాలియోస్‌కీ ఈ ఘట్టం అంత విలువైనదే అనిపించింది. కొత్తగా చేరిన విద్యార్థుల కోసం 2001లో కామిక్స్ ఆధారంగా ఓ కోర్సు మొదలుపెట్టి, గ్వెన్ మరణాన్ని అందులో లెక్కగా ఇచ్చాడాయన. 2005లో ‘ది ఫిజిక్స్ ఆఫ్ సూపర్‌హీరోస్’ పేరుతో పుస్తకమూ రాశాడు.

ఆ లెక్కను మనమూ వేద్దాం. తొమ్మిదో తరగతి చదివినవాళ్లకు కొత్తదేమీ కాదు. గ్వెన్ 90 మీటర్లు పడిందనుకుందాం. గాలి అడ్డును పక్కన పెడితే ఆ దూరం పడేసరికి వేగం సెకనుకు 42 మీటర్లు అవుతుంది. అంటే గంటకు 150 కిలోమీటర్లు. గాలిని కలిపితే కొంత తగ్గుతుంది గానీ కథ మారదు. ఇప్పుడు ఆ వేగం సున్నా కావాలి. ఎంత దూరంలో అవుతుందన్నదే అసలు ప్రశ్న.

దీనికో చక్కటి కిటుకుంది. పడిన ఎత్తును ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. ఒంటి మీద సొంత బరువుకు ఎన్ని రెట్ల కుదుపు పడుతుందో వచ్చేస్తుంది. దాన్నే శాస్త్రవేత్తలు ఇన్ని ‘జి’లు అంటారు. 90 మీటర్లు పడి 45 మీటర్లలో మెల్లగా ఆగితే 2 జి. రోలర్‌కోస్టర్ ఎక్కినవాళ్లకు ఇంచుమించు అలాంటిదే అనుభవం. 10 మీటర్లలో ఆగితే 9 జి. రెండే మీటర్లలో ఆగితే 45 జి, అదీ సెకనులో పదో వంతులో. కకాలియోస్ ఆగే సమయాన్ని అర సెకను అనుకుంటే కుదుపు సుమారు 10 జి వచ్చింది. 50 కిలోల మనిషిని అరటన్ను బరువు గుంజినట్టు. అదీ ఎక్కడ? కాళ్ల దగ్గర. తల కిందికి వేలాడుతోంది. ఒళ్లు ఆగింది, తల ఇంకా ముందుకే పోతోంది. రెంటికీ మధ్య ఉన్నది మెడ ఒక్కటే.

పురుగు బలం పురుగుకే

స్పైడర్‌మ్యాన్ శక్తులన్నీ ఓ సాలెపురుగు కాటుతో వచ్చినవే. 1962 ఆగస్టులో ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో ఆ కుర్రాణ్ని పరిచయం చేసినప్పుడు అది రేడియోధార్మిక సాలీడు. అణుబాంబు భయం రాజ్యమేలుతున్న రోజులవి. 2002లో సినిమా వచ్చేనాటికి భయాలు మారాయి, సాలీడు జన్యువులు మార్చిన సాలీడైంది. రెండు కాట్లలో ఏదీ బతికున్న మనిషి జన్యువుల్ని రాత్రికి రాత్రి తిరగరాయలేదు. ఈ ఒక్క అద్భుతాన్ని రచయితకు వదిలేయాలి. ఆ తర్వాత మాత్రం లెక్క అడిగే హక్కు మనకుంది.

సాలీడు తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది కాబట్టి, మనిషంత సాలీడు లారీని ఎత్తేస్తుందని కథ నమ్మిస్తుంది. ఇక్కడే గెలీలియో అడ్డుపడతాడు. 1638లో అచ్చయిన తన చివరి గ్రంథంలో ఆయనో ఎముక బొమ్మ వేశాడు. పక్కనే దానికి మూడు రెట్లు పొడవున్న రాక్షసుడి ఎముక. ఆ పెద్ద ఎముక వికారంగా, అడ్డదిడ్డంగా లావెక్కి ఉంటుంది. అంత లావు లేకపోతే ఒంటి బరువుకు విరిగిపోతుందని ఆయన చూపించాడు. కండ బలం, ఎముక బలం వాటి అడ్డుకోతను బట్టి ఉంటాయి. బరువేమో ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఆకారం మారకుండా ఓ జీవి పదింతలు పొడవైతే బలం వంద రెట్లు పెరుగుతుంది, బరువు వెయ్యి రెట్లు. తన బరువును తాను మోసే సామర్థ్యం పదో వంతుకు పడిపోతుంది.

అయిదు మిల్లీమీటర్ల సాలీణ్ని పీటర్ పార్కరంత, అంటే 1.7 మీటర్లకు పెంచుదాం. 340 రెట్లు. బలం లక్షా 15 వేల రెట్లయింది. బరువు మాత్రం 3 కోట్ల 93 లక్షల రెట్లయింది. చిన్నప్పుడు తన బరువుకు 50 రెట్లు ఎత్తేదనుకున్నా, పెద్దయ్యాక ఎత్తగలిగేది తన బరువులో ఏడో వంతే. లారీ మాట దేవుడెరుగు, లేచి నిలబడటమే కష్టం.

ఈ సంగతిని సామాన్య పాఠకుడికి అందరికంటే అందంగా చెప్పినవాడు జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ఏ జీవికి ఎంత ఒళ్లు తగునో వివరిస్తూ 1926లో ఆయన రాసిన వ్యాసం ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. లోతైన గని గోతిలో పడిన చిట్టెలుక దులుపుకొని వెళ్లిపోతుంది, గుర్రమైతే ఆనవాలు మిగలదు అంటాడు. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి గాలే దాన్ని మోస్తుంది. సాలీడు మీ ఇంటి కప్పు మీంచి పడినా దానికేమీ కాదు. దాన్ని ఏ హీరో కాపాడనక్కర్లేదు. పడితే చావొచ్చే పరిమాణం మనది, గ్వెన్‌ది. పురుగు శక్తుల్లో పీటర్‌కు అన్నిటికంటే అక్కరకొచ్చేది పడినా దెబ్బ తగలకపోవడమే, దాన్నే మనిషి ఒళ్లు లాగేసుకుంటుంది.

హాల్డేన్‌తో మనకు బంధుత్వం ఉంది. 1957లో ఇంగ్లండ్ వదిలి భారతదేశానికి వచ్చేశాడు, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. 1964 డిసెంబరులో భువనేశ్వర్‌లో కన్నుమూశాక ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. జీవుల ఒంటి కొలతల గురించి అంత గొప్పగా రాసినవాడు తన ఒంటిని తెలుగు విద్యార్థుల చదువుకే ఇచ్చేశాడు. ఆ కళాశాలలో చదివిన ప్రతి డాక్టరూ గర్వంగా చెప్పుకోవలసిన విషయం ఇది.

సాలీడు కాళ్ల గురించి ఒక మాట. ఇల్లు దులుపుతున్నప్పుడు మూలల్లో చచ్చిన సాలీళ్లు కనబడతాయి కదా, ఒక్కసారి దగ్గరగా చూడండి. ఎనిమిది కాళ్లూ లోపలికి ముడుచుకుని గుప్పిట మూసినట్టుంటాయి. మనకు కాలు ముడవడానికో కండ, చాపడానికో కండ ఉంటాయి. సాలీడు కాళ్లలో కొన్ని ముఖ్యమైన కీళ్లకు చాపే కండలే లేవు. ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి నెట్టి వాటిని చాపుకుంటుంది. జేసీబీ చెయ్యి చాచేదీ ఇలాగే. ప్రాణం పోగానే ఒత్తిడి పోతుంది, ముడిచే కండలు మాత్రం మిగులుతాయి. గెంతుడు సాలీడు ఒక్క ఉదుటున ఎగిరి ఈగ మీద పడుతుందంటే ఆ ఒత్తిడి మహిమే. ఇంత సొగసైన యంత్రాంగం పీటర్‌కు ఏ కథలోనూ అబ్బకపోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

బల్లి దగ్గర ఆగిపోయిన విద్య

గోడలెక్కడం మాటేమిటి? మన ఇళ్లల్లో ట్యూబులైటు పక్కన తిరిగే బల్లే గురువు. దాని వేళ్ల కింద లక్షల సన్నటి వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక కొస మళ్లీ వందల పాయలుగా చీలుతుంది. ఆ కొసలు గోడకు ఎంత దగ్గరగా ఆనుకుంటాయంటే, అణువుల మధ్య ఉండే అతి బలహీనమైన వాండర్ వాల్స్ ఆకర్షణ కూడా కోట్లాది చోట్ల కలిసి బల్లిని నిలబెట్టేస్తుంది. జిగురు లేదు, తడి లేదు. కెల్లర్ ఆటమ్ బృందం 2000, 2002 సంవత్సరాల్లో అచ్చువేసిన పరిశోధనలు ఈ సంగతిని నిలబెట్టాయి. సాలీళ్లదీ ఇదే పద్ధతి. యూరప్‌లో ఉండే ఓ గెంతుడు సాలీడు పాదాల మీద ఇలాంటి సూక్ష్మమైన కొసలు 6 లక్షలకు పైగా ఉన్నాయని 2004లో జర్మనీ శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అన్నీ ఒకేసారి ఆనితే దాని బరువుకు 170 రెట్లు మోయగలవట.

మరి మనిషికి? మళ్లీ గెలీలియోనే ఎదురవుతాడు. అతుక్కునే చోటు వైశాల్యం, మోయాల్సింది ఘనపరిమాణం. ఒళ్లు పెరిగేకొద్దీ అరికాలు అంతకంటే వేగంగా పెరగాలి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ లబాంట్, వాల్టర్ ఫెడర్లే బృందం పురుగుల నుంచి బల్లుల దాకా వందలాది జీవుల పాదాల్ని కొలిచి 2016లో ఓ లెక్క చెప్పింది. మనిషి బల్లిలా గోడెక్కాలంటే ఒంటి చర్మంలో 40 శాతం జిగట మెత్తలే ఉండాలి. పాదాలతోనే నెట్టుకురావాలంటే యూరప్ కొలతల్లో 145వ నంబరు బూటు తొడుక్కోవాలి. ఈ విద్య బల్లి దగ్గరే ఆగిపోయిందని వాళ్ల తీర్మానం.

ఆ తీర్మానాన్ని దాటే దారి ఇంజనీర్లు వెతికారు. బల్లి పాదాన్ని పెద్దది చేస్తే బరువంతా ఓ మూలే పడి ఊడిపోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో ఇలియట్ హాక్స్, మార్క్ కట్‌కోస్కీ బృందం అరచేయంత పలకను 24 చిన్న ముక్కలు చేసి, బరువు అన్నిటి మీదా సమానంగా పడేలా స్ప్రింగులు అమర్చింది. 2014లో ప్రకటించిన ఆ ప్రయోగంలో 70 కిలోల మనిషి గాజు గోడ ఎక్కాడు. మెల్లగా, ఒక్కో చేతినీ ఆనిస్తూ, తీస్తూ. స్పైడర్‌మ్యాన్ పరుగుతో పోలిస్తే అదేమంత వేగం కాదు. కానీ అది నిజంగా జరిగింది, నాకు ఆ మెల్లని ఎక్కుడే ఎక్కువ ఉత్తేజాన్నిస్తుంది.

ప్రమాదాన్ని ముందే పసిగట్టే ‘స్పైడర్ సెన్స్’ గురించి రెండే మాటలు. సాలీడు కాళ్ల మీది సన్నటి రోమాలు ఈగ రెక్కలు కదిపిన గాలిని కూడా పట్టేస్తాయి. అది నిజం. కానీ అవి జరుగుతున్నదాన్నే చెబుతాయి. జరగబోయేది ఏ రోమమూ చెప్పదు.

అసలు అద్భుతం దారంలోనే

కథలో అతిశయోక్తి అనుకునేదే వాస్తవానికి దగ్గరగా ఉండటం ఒక్క దారం విషయంలోనే చూశాను. సాలీడు వేలాడటానికి వాడే దారం సుమారుగా మేలురకం ఉక్కంత బలమైనది, బరువులో మాత్రం ఉక్కులో ఆరో వంతు. అయితే దాని గొప్పతనం బలంలో లేదు, సాగుడులో ఉంది. తెగేలోపు దాదాపు 30 శాతం సాగుతుంది. బలం, సాగుడు కలిస్తే వచ్చేది గట్టిదనం, అంటే తెగేలోపు ఎంత శక్తిని మింగగలదన్న లెక్క. అందులో సాలీడు దారం బుల్లెట్‌ప్రూఫ్ కోట్లకు వాడే కెవ్లార్‌ను మూడింతలు మించిపోతుంది. మడగాస్కర్‌లో నదులకు అడ్డంగా 25 మీటర్ల దాకా దారం వేసి గూడు కట్టే డార్విన్ బార్క్ స్పైడర్ దారం 2010లో కొలిచినప్పుడు ఇంకా రెండు మూడింతలు గట్టిదని తేలింది.

మరి ఇంత గొప్ప దారంతో మనం బట్టలెందుకు నేయం? ధర్మవరంలోనైనా, పోచంపల్లిలోనైనా మగ్గం మీద నడిచేది పట్టుపురుగు దారమే. పట్టుపురుగులు వేలల్లో పక్కపక్కనే ఆకు తింటూ బతుకుతాయి. సాలీళ్లను అలా పెంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. 2012లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో బంగారు రంగు సాలెపట్టు అంగీ ఒకటి ప్రదర్శించారు. దానికోసం మడగాస్కర్‌లో పది లక్షలకు పైగా సాలీళ్లను పట్టి దారం తీయాల్సి వచ్చింది.

పీటర్ ఊగడానికి ఎంత దారం కావాలి? పొడవు ఎంతైనా సరే, దారాన్ని అడ్డంగా సాచి పట్టుకుని కిందికి ఊగితే అట్టడుగున చేతుల మీద పడే లాగుడు ఒంటి బరువుకు సరిగ్గా మూడు రెట్లు. 75 కిలోల కుర్రాడికి 225 కిలోలు. దాన్ని మోయడానికి ఒకటిన్నర మిల్లీమీటరు మందం దారం చాలు. అగ్గిపుల్ల కంటే సన్నం! 50 మీటర్ల దారంతో ఊగితే అడుగుకొచ్చేసరికి గంటకు 113 కిలోమీటర్ల వేగం. ఒక చివర నుంచి మరో చివరకు ఎనిమిది సెకన్లకు పైగా పడుతుంది. సినిమాలో చకచకా కనిపించే ఊపులు లోలకం ఒప్పుకోనివి. ఇంకో చిక్కేమిటంటే 50 మీటర్ల దారం వేలాడాలంటే పదిహేను అంతస్తులకు పైగా ఉన్న మేడ కావాలి. పీటర్ ఉండేది క్వీన్స్‌లో, ఫారెస్ట్ హిల్స్ పేటలో, పొట్టి ఇళ్ల మధ్య. ఊగాలంటే నది దాటి మాన్‌హాటన్ చేరాల్సిందే.

దారం ఖర్చు కూడా చూడాలి. అలాంటి 50 మీటర్ల దారం బరువు సుమారు 115 గ్రాములు. ఓ ఊపుకు వంద మీటర్లు సాగినా కిలోమీటరు ప్రయాణానికి కిలో పైన మాంసకృత్తులు గాల్లో వదిలేయాలి. గుండ్రటి గూళ్లు కట్టే చాలా సాలీళ్లు అంత దుబారా చేయవు. పాత గూటిని తినేసి ఆ సరుకుతోనే కొత్తది అల్లుకుంటాయి. పైగా సాలీళ్లు సాధారణంగా దారాన్ని పిచికారీలా చిమ్మవు. లోపలి ద్రవాన్ని కాళ్లతోనో ఒంటి బరువుతోనో బయటికి లాగాలి, ఆ లాగుడులోనే అది గట్టిపడి దారమవుతుంది. అందుకే మణికట్టుకు యంత్రం కట్టిన 1962 నాటి కామిక్ ఆలోచన, చర్మంలోంచే దారం చిమ్మించిన 2002 సినిమా ఆలోచన కంటే నిజాయతీ గలదని నా అభిప్రాయం. ఆ యంత్రం దొరికింది కాదు, ఓ హైస్కూలు కుర్రాడు సొంత బుర్రతో చేసుకున్నది.

ఇక 2004 నాటి ‘స్పైడర్‌మ్యాన్ 2’లో రైలు. బ్రేకులు పోయిన రైలు ముందు నిలబడి రెండు పక్కల మేడలకు దారాలు వేసి ఆపుతాడు. ఇంగ్లండ్‌లో లెస్టర్ విశ్వవిద్యాలయం విద్యార్థులు దీనికి లెక్క కట్టారు. దాదాపు వెయ్యి మంది ప్రయాణికులతో నాలుగు పెట్టెలు, సుమారు 200 టన్నులు, సెకనుకు 24 మీటర్ల వేగం. ఆపడానికి 3 లక్షల న్యూటన్ల బలం కావాలి. అంత పని చేసే దారానికి ఉండాల్సిన గట్టిదనం డార్విన్ బార్క్ స్పైడర్ దారానికి నిజంగానే ఉంది! సినిమావాళ్లు ఊహించింది ప్రకృతి ఎప్పుడో నేసిపెట్టింది.

ఆ లెక్కను నేను ఇంకొంచెం ముందుకు నడిపాను. రైలు శక్తినంతా మింగాలంటే ఆ మేలురకం దారమే 115 లీటర్లు, అంటే 150 కిలోల దాకా కావాలి. కుర్రాడి బరువుకు రెండింతలు. అది ఎక్కడ దాచాడో తెలియదు. అంతకంటే పెద్ద ప్రశ్న, 30 టన్నుల లాగుడు రెండు భుజాల మీద పడితే కీళ్లు ఏమవుతాయి? దారం గెలిచింది, ఇక్కడ నమ్మశక్యం కానిది మనిషే. కానీ ఆ రైల్లోవాళ్ల సంగతి చూడండి. ఆ బలంతో రైలు ఆగడానికి 190 మీటర్లకు పైగా పడుతుంది, 16 సెకన్లు. ఎవరికీ దెబ్బ తగలదు. నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు తూలుతారు, అంతే.

దారం సన్నగా ఉండుంటే...

అదే మనిషి, అదే దారం. వెయ్యి మందిని బతికించిన దారం ఒక్క అమ్మాయిని ఎలా చంపింది? రైలుకు 190 మీటర్ల దూరం దొరికింది, గ్వెన్‌కు దొరకలేదు. నిజమైన సాలెదారమైతే దొరికేదేమో చూద్దామని లెక్కేశాను. గోపురం మీంచి ఆమె దాకా దారం పొడవు 90 మీటర్లు. 30 శాతం సాగితే 27 మీటర్లు. అంత దూరంలో ఆగితే సగటు కుదుపు మూడు జి కంటే కొద్దిగా ఎక్కువ. మామూలు సాలీడు దారమే అయితే అందుకు రెండుంపావు మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. మొత్తం దారం బరువు అర కిలోకు కొంచెం తక్కువ. ఇంకో మేలు కూడా ఉంది. సాలెదారం రబ్బరులా తిరిగి పైకి విసరదు. మింగిన శక్తిలో మూడింట రెండు వంతులు వేడిగా మార్చేస్తుంది. గూట్లో పడ్డ ఈగ ఎగిరి బయటపడకపోవడానికి కారణం ఇదే.

ఆ దారాన్ని రైలును ఆపేంత లావు చేస్తే? తెగదు, సరే. సాగదు కూడా. యాభై కిలోల అమ్మాయి బరువుకు అది ఇనుప కమ్మీతో సమానం. ఆపాల్సినవాళ్ల బరువును బట్టి దారం మందం ఉండాలి. ఆ రాత్రి పీటర్‌కు తక్కువైంది బలం కాదు, ఆ కొలత.

ఎన్ని జి అన్నదొక్కటే లెక్క కాదనడానికీ ఓ మనిషి ఉన్నాడు. అమెరికా వైమానిక దళం వైద్యుడు జాన్ స్టాప్ 1954 డిసెంబరు 10న న్యూ మెక్సికోలో రాకెట్ బండి ఎక్కి గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ బండి 1.4 సెకన్లలో ఆగింది. ఒంటి మీద గరిష్ఠంగా 46.2 జి పడింది. కళ్లలో నెత్తురు కమ్మి కాసేపు చూపు పోయింది, కానీ బతికాడు. 89 ఏళ్లు జీవించాడు. కారణం, కుదుపు ఒక్కచోట పడకుండా భుజాలు, ఛాతీ, తుంటి అన్నిటినీ పట్టీలతో కట్టేయడం. కాళ్లు పట్టుకుని ఆపితే పది జి మెడ విరిచేస్తుంది. ఒళ్లంతా పట్టుకుని ఆపితే నలభై ఆరు జి కూడా ప్రాణం తీయదు. ఆ తర్వాత స్టాప్ తన పలుకుబడినంతా కార్లలో సీటుబెల్టుల కోసం ఖర్చుపెట్టాడు. సూపర్‌హీరో అనే మాటకు అర్హుడైన మనిషిని చూపించమంటే నేను ఆయన్నే చూపిస్తాను.

2021లో తెలుగులోనూ విడుదలైన ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎత్తునుంచి పడిపోతున్న ఎంజే అనే అమ్మాయిని ఆండ్రూ గార్ఫీల్డ్ పోషించిన స్పైడర్‌మ్యాన్ కాపాడతాడు. దారం ఆమె మీదికి విసరడు. తానే దూకి, రెండు చేతులతో ఒంటికి హత్తుకుని, ఆమెతో పాటు కిందికి వస్తాడు. హాల్లో అందరూ కన్నీళ్లు పెట్టుకున్న ఆ క్షణంలో భౌతికశాస్త్రం కూడా సరిగ్గానే ఉంది. పట్టుకునేటప్పుడు ఇద్దరి వేగాలూ దగ్గరగా ఉండాలి, పట్టు ఒళ్లంతా ఉండాలి, ఆగడం తర్వాత మెల్లగా జరగాలి.

ఈ లెక్క వంతెనలకే పరిమితం కాదు, మన రోడ్ల మీద రోజూ నడుస్తోంది. బైక్ మీంచి పడ్డ మనిషి తల 1.6 మీటర్ల ఎత్తు నుంచి రోడ్డును కొట్టుకుందనుకోండి. తలకూ రోడ్డుకూ మధ్య నలిగే చోటు నాలుగు మిల్లీమీటర్లుంటే కుదుపు 400 జి. హెల్మెట్ లోపలి థర్మకోల్ పొర రెండు సెంటీమీటర్లు నలిగితే అది 80కి దిగుతుంది. చావుకూ బతుకుకూ మధ్య తేడా ఆ పదహారు మిల్లీమీటర్లే. పైన మెరిసే గట్టి డిప్పను చూసి హెల్మెట్ కొంటాం. ప్రాణం కాపాడేది లోపల నలిగిపోయే ఆ మెత్తటి పొర. ఒకసారి దెబ్బతిన్న హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా మళ్లీ వాడకూడదనేది కూడా అందుకే, నలిగిన థర్మకోల్ మళ్లీ నలగదు.

భౌతికశాస్త్రం చెప్పే మాస్టార్లకూ టీచర్లకూ ఓ విన్నపం. తొమ్మిదో తరగతిలో గమన నియమాలు మొదలుపెట్టే రోజున 121వ సంచిక కథ చెప్పండి. స్పైడర్‌మ్యాన్ తెలియని పిల్లలు తరగతిలో ఒక్కరూ ఉండరు. గ్వెన్ ఎందుకు చనిపోయిందో వాళ్లనే లెక్కవేసి చెప్పమనండి. ఎత్తును ఆగే దూరంతో భాగించడం వచ్చాక హెల్మెట్ లెక్క కూడా ఇవ్వండి. ఆ జవాబును ఇంటికి తీసుకెళ్లి నాన్నకు చూపించమనండి. బండి తీసేముందు గడ్డం కింద పట్టీ బిగించుకోమని ఏ పోలీసు చెప్పినా వినని మనిషి, నోటు పుస్తకంలో కూతురు రాసిన 400 అనే అంకె చూసి వింటాడు.